గరగమ్మ కెరటం

నేను ఇంతకుముందు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. మా గవ్వలదిబ్బకి కెరటాల మీద చెక్కలేసుకుని ఆడుకోడానికి వచ్చేవాళ్లకి టిఫిన్లు పెడతాను. వాళ్లలో ఒకమ్మాయి, "ఆంటీ, మీవాళ్లు మొదటి కెరటాన్ని ఎందుకు వదిలేస్తారు?" అని అడిగింది. నోటితో చెప్పడానికి సిగ్గేసింది. అందుకని రాస్తున్నాను.

వెనకటికి, ఇంకా వెనకటికి, మా తాతల తాతలు తెడ్డు పట్టడం నేర్చుకునే కాలంలో, ఈ దిబ్బ మీద గరగమ్మ ఉండేది. ఒక కాలు కుంటి. ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలడం ఆమె పని. ఉన్నది ఒక్క తమ్ముడు, అప్పన్న.

ఒకనాడు వయసు మగాళ్లంతా చేపల వేటకెళ్లారు. గాలి లేచింది. గాలంటే గాలి కాదు, ఇసుకని కళ్లల్లో కొట్టే గాలి. నీళ్లకింద ఇసుక మేటలు కదిలి, తెప్పలొచ్చే దారి మూసుకుపోయింది. తెప్పలు కెరటాల అవతలే ఆగిపోయాయి. చీకటి పడితే ఒక్కరూ మిగలరు. ఒడ్డున ఉన్నది ముసలాళ్లు, ఆడాళ్లు, పిల్లలే.

గరగమ్మ ఒక చెక్క ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఆగవే!" అన్నాడు కులపెద్ద పోలయ్య. "ఆడది తెప్ప ముడితే గంగమ్మకి కోపం."

"తెప్పేది మావా? ఇది విరిగిన చెక్క. నిన్నటిదాకా దీనిమీద కవళ్ల చేపలు ఎండబెట్టాను."

"కుంటిదానివి, ఏం చేస్తావే?"

"నీళ్లలో అందరూ కుంటోళ్లే మావా."

ఒకసారి వెళ్లింది, సముద్రం విసిరికొట్టింది. రెండోసారి వెళ్లింది, సముద్రం విసిరికొట్టింది. మూడోసారి నురగ లేనిచోట చూసుకుని వెళ్లింది. సముద్రం దారిచ్చింది, తెప్పల దగ్గరికి చేరింది.

"అక్కా, నువ్వా!" అని అప్పన్న ఏడ్చేశాడు.

"ఏడుపు ఒడ్డున ఏడుద్దువుగాని. నా వెనకాలే రండి."

చెక్కమీద బోర్లా పడుకుంది. కెరటం వీపెక్కి ఒడ్డుకొచ్చింది. ఆ దారినే ఒక తెప్ప వచ్చింది, ఇంకో తెప్ప వచ్చింది, అన్ని తెప్పలూ వచ్చాయి. పోలయ్యే నీళ్లలోకి దిగి ఆమెకి చెయ్యందించాడు. ఆనాటినుంచి మా దిబ్బలో తెప్ప ముట్టొద్దని ఏ ఆడదాన్నీ ఎవరూ అనలేదు.

గరగమ్మ తల నెరిసి, పళ్లూడి, ముసలిదై చనిపోయింది. ఆ మర్నాడు వేటకెళ్తూ మావాళ్లు మొదటి కెరటాన్ని ఎక్కలేదు. "ఇది గరగమ్మది" అని దండం పెట్టి వదిలేశారు. ఇప్పటికీ అంతే. ఎక్కడెక్కడినుంచో రంగు చెక్కలతో వచ్చే పిల్లలు కూడా, మమ్మల్ని చూసి, మొదటిది వదిలేస్తారు. పెద్దపెద్దోళ్లకి రాళ్లమీద పేర్లుంటాయి. మా గరగమ్మకి కెరటమే ఉంది, రోజూ కొత్తది.

పైదంతా రాసిన మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి చెక్క అడిగి తీసుకున్నాను. చీర దోపుకుని నీళ్లలోకి దిగాను. మొదటి కెరటాన్ని గరగమ్మకి వదిలాను. రెండోది నేనెక్కాను.