వజీరు ఏరికోరి పెట్టుకున్న తోటమాలి

ఒట్టోమాన్ తురుష్కుల రాజ్యంలో, ఇస్తాంబులు నగరంలో ఒకానొక సుల్తాను ఉండేవాడు. ఆయన గజళ్లు రాసేవాడు. అంతకు మించి ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఆయన మహావజీరు నెజాతీ పాషా ఒకప్పుడు వీధిలో హల్వా అమ్మేవాడు. ఆ హల్వా రుచి సుల్తానుకు తగిలింది. దాంతో నెజాతీ ముందు వంటశాలకు, ఆనక కొలువుకు, చివరికి వజీరు గద్దెకు చేరాడు. ఇంతకంటే చిన్న కారణాలతో పెద్దవాళ్లయినవాళ్లు ఆ కొలువులో ఉన్నారు. పేర్లు చెప్పను.

వజీరు కాగానే నెజాతీ మొదట చేసిన పని, దుర్ముష్ అనే లావుపాటి మనిషిని కోటకు పెద్ద తోటమాలిగా పెట్టడం. దుర్ముష్ గులాబీ కోయడానికి వంగితే లేపడానికి ఇద్దరు కావాలి. చాలదన్నట్టు వజీరు అతనికి రోజూ పళ్లెం నిండా హల్వా పంపేవాడు. కొలువంతా నవ్వింది. సుల్తాను కూడా నవ్వాడు.

రెండేళ్లు గడిచాయి. ఒక శుక్రవారం సుల్తాను కొత్త గజల్ చదువుతుంటే, అందరూ "వాహ్వా" అనాల్సిన చోట వజీరు గురక వినిపించింది.

"వీడి తల తీయించండి!" అన్నాడు సుల్తాను.

ఆ కోటలో కొమ్మలైనా తలలైనా కత్తిరించేది పెద్ద తోటమాలే. అయితే శిక్ష పడ్డ వజీరుకు ఒక అవకాశం ఉండేది. తోటమాలితో పరుగు పందెం వేసి, చేపల బజారు గుమ్మాన్ని ముందుగా చేరితే పదవి పోయినా ప్రాణం దక్కుతుంది.

పందెం మొదలైంది. నెజాతీ చెప్పులు తొడుక్కుని నడక సాగించాడు.

"పాషాగారూ, ఆగండి బాబూ! ఆయాసం!" వెనక నుంచి దుర్ముష్ కేక.

"తొందరేముంది? కాసేపు కూర్చుని రా!"

ముందుగా గుమ్మం చేరిన నెజాతీని చూసి సుల్తాను కళ్లెర్రజేశాడు. "ఇందుకా వాణ్ణి పెట్టుకున్నావు?"

"జహాపనా, నాకు రాజముద్ర ఇచ్చిన రోజున పాత వజీరు ఏమయ్యాడని అడిగాను. ఈ గుమ్మం దాకా రాలేకపోయాడన్నారు. ఆ రోజే తగిన తోటమాలి కోసం వెతికాను."

సుల్తాను పగలబడి నవ్వాడు. "పదవి మళ్లీ తీసుకో!"

"వద్దు జహాపనా. పదవితో పాటు గజళ్లు కూడా వస్తాయి."

సుల్తాను ఇంకా గట్టిగా నవ్వి, ఆ గుమ్మం పక్కనే అతనికొక హల్వా దుకాణం కట్టించి ఇచ్చాడు.

దుకాణం తెరిచిన రోజే కొత్త వజీరు మనిషి పరుగున వచ్చాడు.

"రోజూ రెండు పళ్లేల హల్వా కావాలి. పెద్ద తోటమాలి గారికి."