చేతికి అంటని సొమ్ము

మా మంజీరపురంలో నన్ను మించిన తెలివిమంతుడు లేడు. ఈ మాట రాజుగారో పండితులో అన్నది కాదు. నేనే అన్నాను, అదీ చుట్టూ ఎవరూ లేనప్పుడు.

ఒకరోజు సభలో తాంబూలం నములుతుండగా విజయభూపతి మహారాజుకి సరదా పుట్టింది.

"మన ఖజానా నుంచి ఎవరి చేతిలో సొమ్ము పడినా నాలుగో వంతు సుంకం కట్టాలి కదా! అబద్ధమాడకుండా, చట్టం మీరకుండా ఆ సుంకం తప్పించగల మొనగాడున్నాడా? ఉంటే నూరు వరహాలు!"

సుంకాధికారి గుండయామాత్యులు మీసం దువ్వారు. "ప్రభూ, నా కళ్ళుగప్పి చీమ కూడా చక్కెర పలుకు మోసుకుపోలేదు."

"చీమ సంగతేమో గానీ, మా అక్కమ్మవ్వ మోసుకుపోతుందండీ," అన్నాను.

అక్కమ్మవ్వ రాజుగారి వంటశాలలో జీవితమంతా గరిటె తిప్పిన మనిషి. జీతంలో కొంత ముసలితనానికని ఖజానాలోనే దాచుకుంది. తల నెరిశాక ఏటా అందులో ఒక వంతు తీసుకుని తీరాలని నియమం. అవ్వకేమో ఆ డబ్బుతో పనిలేదు. మనవరాలింట్లో ఇంత గంజి, నోట్లోకి ఓ వక్క చాలు. ఆవిడ బెంగంతా బాటసారుల సత్రం గురించే. ధర్మసత్రం గనక దానికి సుంకాల బాధ లేదు గానీ, అన్నం వండే పెద్ద గుండిగకి అడుగున చిల్లు పడింది. కొత్తదానికి కంచరి అడిగిన ధర సరిగ్గా అవ్వ ఈ ఏటి వంతు. అందులో సుంకం పోయిందా, గుండిగ రాదు. బాటసారులకి పస్తులే.

అవ్వ చెవిన ఒక మాట వేశాను.

మర్నాడు సభంతా ఖజానా ముందు చేరింది. అవ్వ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"బాబూ, నా వంతు సత్రానికి దానమిచ్చేశాను. నాకివ్వకండి. తిన్నగా సత్రం బండిలో పెట్టించండి."

గుండయామాత్యుల మొహం మాడింది. "అదెలా? ముందు నీ చేతికి రావాలి!"

"అని చట్టంలో ఉందా బాబూ?"

లేదు. చట్టం రాసింది ఆయనే.

"పోనీ, ఒక్కసారి ముట్టుకో తల్లీ!"

"వద్దులెండి, బరువు."

"లెక్కయినా చూసుకోవా?"

"తమరు చూశారుగా. తమని నమ్మనా ఏం?"

ఇక ఆగలేక ఆయన సంచిని అవ్వ మీదికి తోశారు. అవ్వ ఒక్క అడుగు వెనక్కేసింది. సంచి దబ్బున అమాత్యుల బొటనవేలి మీద పడింది.

రాజుగారు నవ్వాపుకుంటూ నావైపు తిరిగారు. "ఏం కొమ్మనా, ఇది ఎగవేత కాదూ?"

"విస్తరాకు ఖరీదు తిన్నవాణ్ణి అడుగుతారు గానీ, వడ్డించినవాణ్ణి అడుగుతారా ప్రభూ?"

సభ ఘొల్లుమంది. సంచి సంచిలాగే బండెక్కి కంచరి వీధికి పోయింది.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు మర్యాదగా ఉండేది. కానీ ఊరంతా చూసింది, దాచి లాభమేముంది? రాజుగారు ఖజానాలోంచి నూరు వరహాల సంచి తీయించి అందించగానే, నేను ఎగబడి రెండు చేతులా అందుకున్నాను.

గుండయామాత్యులు కుంటుకుంటూ వచ్చి, ఎంతో ప్రేమగా అరచెయ్యి చాపారు.

"ఇరవై ఐదు, నాయనా!"

అక్కమ్మవ్వ వెనక్కి కట్టుకున్న చేతులు అప్పుడు విప్పింది, నవ్వి నవ్వి కారిన కళ్ళు తుడుచుకోవడానికి.