తెగిన హెడ్డు బోల్టు

వీర్రాఘవులు మేస్త్రిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పడు, పని చెబుతాడు. కాకినాడ జగన్నాథపురంలో పాతకాలపు కార్లు బాగుచేసే ఆయన షెడ్డులో నేను పదహారేళ్ళుగా రంగులు వేస్తున్నాను. ఆయన నోట తిన్నగా వచ్చిన సమాధానం ఒక్కటీ ఎరగను.

ఆయన శిష్యుడు త్రిమూర్తులు ముప్ఫై దాటినవాడు. చేతిలో పనితనం ఉంది, ఓపికే లేదు. వాడి భార్య సత్యవేణి పుట్టింటికి వెళ్ళిపోయి రెండు నెలలైంది. ఎందుకని అడిగితే "ఏదో మాటపట్టింపులెండి" అనేవాడు. ఆ సోమవారం మేస్త్రి దగ్గరకొచ్చి, "గురువుగారూ, ఎంత కబురు పెట్టినా దిగిరాని మనిషిని దారికి తేవడం ఎలాగండీ? ఆదివారం పెద్దమనుషుల్ని వెంటబెట్టుకెళ్ళి తాడో పేడో తేల్చుకుందామనుకుంటున్నాను," అన్నాడు.

మేస్త్రి డాక్టరుగారి కారు చూపించాడు. అరవై ఏళ్ళ బండి, డాక్టరుగారి తండ్రి నడిపింది. ఇంజను పైమూతకి, అదే హెడ్డుకి, ఉన్న బోల్టులన్నీ ఊడాయి గానీ ఒక్కటి మాత్రం కదలనంటోంది. "నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం దీనిమీద కిరసనాయిలు పోస్తూ ఉండు. సుత్తితో మెల్లిగా తట్టు. తర్వాత విప్పు," అన్నాడు. అంతే.

త్రిమూర్తులు మొదటిరోజు పైపైన రెండు చుక్కలు వేశాడు, తర్వాత అదీ మానేశాడు. నేను చూస్తూనే ఉన్నాను, నోరెత్తలేదు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. శుక్రవారం మేస్త్రి "పోశావా?" అంటే, "రెండు పూటలా పోశానండి," అన్నాడు తొణక్కుండా. పానాకి మూరెడు గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి లాగాడు. టక్కుమంది. బోల్టు తెగి సగం ఇంజనులోనే ఉండిపోయింది.

"ఎంత మొండిదండీ ఇది," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మేస్త్రి తెగిన ముక్కని వేలితో రుద్దాడు. నూనె తడి లేదు, ఎర్రటి పొడి తుప్పు వేలికంటింది. ఆ వేలు వాడికి చూపించి ఊరుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం డాక్టరుగారు వచ్చారు. డెబ్భై ఏళ్ళ మేస్త్రి మా అందరి ముందూ ఆయనకి చేతులు జోడించాడు. "మా చేతిలో బోల్టు తెగిందండి. తప్పు నాది. బాగుచేసే ఇస్తాను, కాస్త గడువివ్వండి." డాక్టరుగారు తలూపి వెళ్ళిపోయారు. మాకెవరికీ తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు. త్రిమూర్తులైతే సిగ్గుతో సగమైపోయాడు.

అందరూ పని కట్టేస్తుంటే వాడొచ్చి మేస్త్రి ముందు నేలమీద కూలబడ్డాడు. "అబద్ధం చెప్పానండి. సత్యవేణి విషయంలోనూ చెప్పాను. మాటపట్టింపు కాదండి. మా తమ్ముడి గృహప్రవేశంలో వడ్డన ఆలస్యమైందని, బంతిలో అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టాను. విస్తరి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయిందండి."

కాసేపటికి వాడే, "పెద్దమనుషులు వద్దులెండి. నేనొక్కణ్ణే వెళ్ళి, ఎవరూ లేనప్పుడు చూసి, క్షమించమని అడుగుతాను," అన్నాడు.

మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అడిగాడు:

"ఆవేళ బంతిలో ఎంతమంది కూర్చున్నార్రా?"