చంద్రుడిలో సముద్రం లేదన్న మనిషి

పడమటి సముద్రం ఒడ్డున ఒక రేవుపట్నం ఉండేది. ఆ పట్నంలో ఒక తత్వశాస్త్ర పాఠశాల. అందులో చెప్పేది ఒకే ఒక్క గ్రంథం.

ఆ గ్రంథం రాసిన తత్వవేత్తను నూరేళ్ల కిందట ఆ పాఠశాల పండితులే తీర్పు చెప్పి సజీవంగా కాల్పించారు. పాతవాళ్లు చెప్పినంత మాత్రాన ఏదీ నిజమైపోదు, మీ కళ్లతో చూడండి, మీ బుద్ధితో తూచండి అన్నాడు. అదీ ఆయన నేరం. తర్వాత కాలం మారింది. కాల్చినవాళ్ల మునిమనవలు ఆ గ్రంథానికి పట్టుగుడ్డ చుట్టి, విద్యార్థుల చేత కంఠస్థం చేయించడం మొదలుపెట్టారు.

ఒక ఏడు, అద్దాలు సానపట్టే ఒకామె అక్కడ చదువుకు చేరింది. నలభై దాటిన మనిషి. గాజుబిళ్లలు అరగదీసి అరగదీసి ఆమె వేళ్ల కొసలు కూడా నున్నగా అయిపోయాయి. మిగతావాళ్లు గ్రంథాన్ని వల్లెవేస్తుంటే ఆమె ఒక్కొక్క వాక్యం దగ్గర ఆగేది.

చంద్రుడిలోని నల్లమచ్చలు సముద్రాలని ఆరో అధ్యాయంలో ఉంది. ఆమె తను సానపట్టిన అద్దాలను గొట్టంలో బిగించి పదకొండు సాయంత్రాలు చంద్రుణ్ణి చూసింది. మచ్చల్లో గుంటలు కనిపించాయి. గుంటల్లో నీడలు కనిపించాయి. నీళ్లలో గుంటలు నిలవవు. గ్రంథం చదివే వంతు తనకు వచ్చినప్పుడు, ఆ సంగతి కాగితం అంచున చిన్న అక్షరాలతో రాసింది.

మర్నాడు ప్రధాన పండితుడు ఆమెను పండితులందరి ముందుకు పిలిపించాడు.

"ఈ రాత నీదేనా?"

"నాదేనండి."

"ఆయన తప్పు రాశాడంటావా?"

"ఆయన దగ్గర మంచి అద్దం లేదండి. నా దగ్గరుంది. గొట్టం తెచ్చాను, ఒక్కసారి మీరూ చూడండి."

"ఈ గ్రంథం కోసం ప్రాణం ఇచ్చాడమ్మా ఆయన."

"ఇవ్వలేదండి. మీ ముత్తాతలు తీశారు."

పండితులందరి మొహాలూ ఎర్రబడ్డాయి. కిటికీలోంచి పగటి చంద్రుడు కనిపిస్తూనే ఉన్నాడు. గొట్టం వంక ఒక్కరూ చూడలేదు.

ఆమెను వెళ్లగొట్టాలని తేల్చారు. అలాంటి తీర్పు ఎలా రాయాలో గుమాస్తాకు తెలియలేదు. పాత కాగితాల్లోంచి నూరేళ్ల నాటి తీర్పు తీసి, పేరు మార్చి, మంటల మాట ఉన్న పంక్తి వదిలేసి, మిగతాది ఉన్నదున్నట్టు ఎక్కించాడు. పాత కాగితం పక్కనే ఉంది. ఆమె రెండూ చదివింది.

"ఇది ఆయన మీద రాసిందే కదండీ."

"భాష బాగుంది. ఎందుకు మార్చాలి?" అన్నాడు ప్రధాన పండితుడు.

ఆమె "ఇన్నేళ్లుగా చదువుతున్నారు. ఒక్క రోజైనా ఆయన చెప్పిన పని చేశారా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గొట్టం చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమె రాసిన కాగితం తీసేసి వేరేది పెట్టమని పుస్తకాలు కుట్టే ముసలాయనకు అప్పగించారు. ఒక్క కాగితం తీయాలన్నా కుట్టంతా విప్పాలి. విప్పుతుంటే చివర, అంచులు కోయకుండా మడతగానే ఉండిపోయిన కాగితం ఒకటి తగిలింది. గ్రంథానికి కత్తి తగలకూడదని పాఠశాల నియమం. అందుకని లోపల ఏముందో ఇన్నేళ్లలో ఎవరూ చూడలేదు. ముసలాయన కోశాడు. లోపల తత్వవేత్త మాటలున్నాయి.

"నా అద్దం మసకది. ఇంతకంటే మంచి అద్దంతో చూసినవాళ్లు నా తప్పులు దిద్దండి. దిద్దకుండా దండం పెట్టేవాళ్లు నన్ను చదవనట్టే."

ముసలాయన ఆ కాగితం గుండెలకు హత్తుకుని ప్రధాన పండితుడి దగ్గరికి పరుగున వెళ్లాడు. పండితుడు రెండుసార్లు చదివాడు.

"ఇంకెవరైనా చూశారా?"

"లేదండి."

"అయితే మూసి కుట్టెయ్యి."

"అయ్యా, ఆవిడ చేసింది ఆయన చెయ్యమన్నదే కదండీ."

"కుట్టమన్నాను."

కుట్టాడు. యాభై ఏళ్లలో ముసలాయన వేసిన కుట్టు ఒక్కటీ ఊడలేదని పట్నమంతా చెప్పుకునేది. ఆ రోజు మాత్రం, చివరి కాగితం దగ్గర, దారానికి ముడి వేయలేదు.