గోడవార పచ్చిక

మౌలాలికి ఆ వేసవిలో రెండు దిగుళ్ళు పట్టుకున్నాయి. ఒకటి, గురువుగారు హజ్రత్ బుర్హాన్ సాహెబ్ తనను వదిలి హజ్ యాత్రకు వెళ్తున్నారు. రెండు, దర్గా ముంగిట్లో తన చేతులతో వేసిన పచ్చిక ఎండిపోతోంది.

దర్గాలోని శిష్యులందరిలో హజ్రత్‌ను అంటిపెట్టుకుని తిరిగేవాడు మౌలాలే. పొద్దున్నే లేస్తే ఒక సందేహం, చాయ్ తాగుతుంటే ఒకటి, హజ్రత్ చెప్పులు వేసుకుంటుంటే ఇంకొకటి. "హజ్రత్, ఒక్క మాట" అంటూ వెనకాలే వచ్చేవాడు. పొద్దున విన్నది మధ్యాహ్నానికి మరిచిపోయి, సాయంత్రం మళ్ళీ అదే అడిగేవాడు. ఆ పెద్దాయన ఎన్నడూ విసుక్కోలేదు. ఆయన లేకుండా రోజెలా గడుస్తుందో తలుచుకుంటేనే మౌలాలికి ఏడుపొచ్చేది.

ఇక పచ్చిక. దర్గాకు ఎవరొచ్చినా ముందు నీళ్ళిచ్చి కూర్చోబెట్టడం అక్కడి ఆనవాయితీ. మౌలాలి తన గరికకూ అదే మర్యాద చేశాడు. అటు వెళ్తే ఒక చెంబు చిలకరించేవాడు, ఇటు వస్తే ఇంకో చెంబు. చూడ్డానికి శుభ్రంగా ఉండాలని కొడవలితో నేలకంటా కోసేవాడు. అయినా అది రోజురోజుకీ పసుపు తిరుగుతోంది.

"ఇంత ప్రేమగా చూసుకుంటున్నా హజ్రత్, దీనికి విశ్వాసం లేదు" అన్నాడు ఒకరోజు, నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

వంటశాల గుమ్మంలో బియ్యం ఏరుతున్న ఖాసింబీ ఊరుకోలేదు. "పొద్దస్తమానం చెంబు పట్టుకుని దాని చుట్టే తిరుగుతావు. అదేమైనా నీకు కాబోయే పెళ్ళామా నాయనా?"

హజ్రత్ నవ్వి, పచ్చిక దగ్గర గొంతుక్కూర్చున్నారు. రెండు వేళ్ళతో ఒక దుబ్బు పట్టి లాగారు. అది చాప లేచినట్టు లేచి వచ్చేసింది. గరిక వేళ్ళు గోరంత పొడవు కూడా లేవు. కింద మట్టి పొడిపొడిగా ఉంది.

ఆయన లేచి, మౌలాలిని ప్రహరీ గోడ దగ్గరికి తీసుకువెళ్ళారు. నాటగా మిగిలిన గరికను మౌలాలి అక్కడే పారేశాడు. అది గోడవారంతా అల్లుకుని దట్టంగా, పచ్చగా ఉంది.

"దీన్ని పీకు బేటా."

మౌలాలి ఒక చేత్తో లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. గోడకు కాలు తన్నిపెట్టి బలమంతా ఉపయోగించాడు. ఆకులు పుటుక్కున తెగాయి, వేళ్ళు మాత్రం కదల్లేదు. మౌలాలి వెల్లకిలా పడ్డాడు. ఖాసింబీ చేట పక్కన పడేసి పొట్ట పట్టుకుంది. హజ్రత్ కూడా కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

"దీనికి నీళ్ళెవరు పోస్తున్నారు?"

"ఎవరూ పోయరు హజ్రత్." అంటూనే మౌలాలి పడ్డచోటి నుంచి పక్కకు చూశాడు. నమాజుకు ముందు అందరూ కాళ్ళూచేతులూ కడుక్కునే హౌజు తూము సరిగ్గా అక్కడికే తెరుచుకుంటుంది. "గురువారం హౌజు కడిగినప్పుడు ఆ నీళ్ళన్నీ ఇటే పారతాయి."

"మళ్ళీ గురువారం దాకా?"

"చుక్క కూడా పడదు."

హజ్రత్ అతని చెంబు తీసి ఖాసింబీకి ఇచ్చారు. "లోపల దాచమ్మా." తర్వాత కొడవలి కూడా తీసుకుని, తన తెల్ల గడ్డం నిమురుకున్నారు. "దానికీ కాస్త గడ్డం ఉండనియ్యి."

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరూ కలిసి ముంగిలి నిండా నీళ్ళు పెట్టారు. నేల తాగడం మానేసేదాకా పెట్టారు. ఆ తర్వాత మౌలాలి చేతులు ఊరికే దురద పెట్టాయి. మళ్ళీ పొయ్యనా అని అడిగితే, హజ్రత్ ఒక పుల్ల తీసి మట్టిలో లోతుగా గుచ్చి, పైకి తీసి చూపించేవారు. పుల్ల కొస తడిగా ఉండేది. మౌలాలి నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు.

ఒక సాయంత్రం మౌలాలి ఒక సందేహం అడిగాడు. హజ్రత్ దాని గురించే దీపాలు పెట్టేదాకా ఓపిగ్గా చెప్పారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ "హజ్రత్, ఒక్క మాట" అని వచ్చి నిలబడ్డాడు.

హజ్రత్ ఆ పుల్లతోనే మౌలాలి గుండె మీద మెల్లగా పొడిచి, పుల్ల కొస వేలితో ముట్టి చూసుకున్నారు. చిన్నగా నవ్వి లోపలికి వెళ్ళిపోయారు.

మౌలాలి అడగబోయిన మాట మింగేసి, నిన్న విన్నదే నెమరువేసుకుంటూ పచ్చిక వైపు నడిచాడు.

ప్రయాణం రోజు వచ్చేసరికి ముంగిలంతా పచ్చగా ఉంది. సాగనంపడానికి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచి ఆ మెత్తని పచ్చిక మీద కూర్చున్నారు. ఖాసింబీ అందరికీ షర్బత్ పోస్తూ, గడ్డి గొప్పంతా తనదేనన్నట్టు చెప్పుకుంటోంది.

హజ్రత్ కారు తలుపు పట్టుకుని ఆగి, వెనక్కి తిరిగారు.

"ఏం బేటా, ఒక్క మాట కూడా లేదా?"

"ఉంది హజ్రత్." మౌలాలి కళ్ళు తడిగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "ఇంకా తడి ఆరలేదు."

హజ్రత్ అతన్ని దగ్గరికి లాక్కుని గట్టిగా కౌగిలించుకున్నారు.

"అయితే వెళ్ళొస్తాను" అన్నారు.