ఎడమ పెడలు

నాగూరు మేస్త్రికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడు. అడిగినవాడి చేతికి కిరసనాయిలు గుడ్డ ఇచ్చి, "ముందు ఆ చెయిను తుడు" అంటాడు. చీరాల గడియారస్తంభం వెనక సందులో ఉన్న ఆయన సైకిలు షాపులో భావనారాయణ మూడేళ్లుగా ప్రశ్నలు అడుగుతున్నాడు. ఈ మూడేళ్లలో అతను తుడిచిన చెయిన్లన్నీ కలిపి పరిస్తే వేటపాలెం దాకా వస్తాయి.

భావనారాయణ నలభై దాటాక శిష్యరికంలో చేరినవాడు. అంతకు ముందు కోర్టులో నకళ్లు రాసేవాడు. పాత సైకిళ్ల పిచ్చి పట్టి, దొరికిన పుస్తకమల్లా చదివి, ఎవరూ నేర్పకుండానే పండితుడయ్యాడు. ఏ కంపెనీ ఏ ఏడాది ఏ బోల్టు వాడిందో రెండువందల పేజీల నోటుబుక్కులో ఎక్కించాడు. పంక్చరు వెయ్యడం మాత్రం ఇంకా సరిగ్గా రాదు. ఆ సంగతి అందరికంటే ముందు తనే చెప్పేసేవాడు, ఇంకొకరు చెబితే బాధగా ఉంటుందని.

ఆ ఉదయం చెయిను తుడుస్తూ మళ్లీ అడిగాడు.

"మేస్త్రి గారూ, పాత సైకిలుకి విలువ కట్టడం ఎప్పుడు నేర్పుతారు?"

మేస్త్రి సందు వైపు చూశాడు. పాత సామాన్ల బండి ఒకటి వచ్చి షాపు ముందు ఆగింది. దాని వెనకాలే హైమావతి ఒక సైకిలు నడిపించుకుంటూ వచ్చింది, పక్కన ఆమె బాబాయి పానకాలు. హైమావతి తండ్రి వీరరాఘవులు నూలుకొట్టులో గుమస్తాగా చేసి, తొమ్మిది రోజుల కిందట పోయాడు. ఎల్లుండే పెద్దకర్మ. ఆ లోపల పోయినవాడి సామాను ఇంట్లోంచి తీసెయ్యాలని పానకాలు పట్టుపట్టాడు. మంచం పోయింది, ట్రంకుపెట్టె పోయింది. సైకిలు దగ్గర మాత్రం హైమావతి అడ్డం నిలబడింది.

"మేస్త్రీ, నీ మాటే ఖాయం అనుకుని వచ్చాం" అన్నాడు పానకాలు. "ఇది ఉంచదగ్గదంటే అమ్మాయి తీసుకుపోతుంది. పాత ఇనుమంటే బండి ఇక్కడే ఉంది. మా అన్న బతికినన్నాళ్లూ దీని మీద కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. కుంటికాలు పెట్టుకుని ఒంగోలు దాకా తొక్కి, మళ్లీ వచ్చి కొట్టు తెరిచేవాడంట! జనం లేవకముందే పోయేవాడంట! చూసినవాడు ఒక్కడు లేడు. కర్మ భోజనాల్లో కూడా నలుగురూ నవ్వుకోవడానికి ఇదెందుకు ఇంట్లో?"

హైమావతి సీటు మీద చెయ్యి తియ్యలేదు.

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "భావనారాయణా, నువ్వు చూడు" అన్నాడు.

భావనారాయణ మూడేళ్లుగా దీనికోసమే ఎదురుచూశాడు. తీరా వచ్చేసరికి ఎదురుగా బండివాడు తాడు విప్పుతున్నాడు. మోకాళ్ల మీద కూర్చుని సైకిలుని తలకిందులు చేశాడు. వంగిన హ్యాండిలు, బొటనవేలి వెడల్పు టైర్లు, రేసు సైకిలే. ముందు తగిలించే కంపెనీ బిళ్ల ఊడిపోయింది. అడుగున పెడళ్ల ఇరుసు తిరిగే గుల్ల మీది నంబరు గీకి చూశాడు, నోటుబుక్కు తిరగేశాడు. తప్పు దొరికినప్పుడల్లా మొహం వెలిగి, కొత్త పేజీలో రాసుకున్నాడు. ముందు చక్రం వేరేది. రంగు రెండుసార్లు వేశారు. ఇక పెడళ్లు: కుడిదాని పళ్లు అరిగి గరిటె కాడలా నున్నగా ఉన్నాయి, ఎడమదాని పళ్లు రంపంలా కోస్తున్నాయి.

లేచి, కోర్టులో నకలు చదివే గొంతుతో చెప్పాడు.

"ఫ్రేము మంచిదే. కానీ బిళ్ల లేదు, రంగు అసలుది కాదు, ముందు చక్రం మారింది. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ పెడలు ఈ మధ్య కొత్తది వేశారు. జత చెడింది. తెలిసినవాడెవడూ కొనడు."

"అంటే?" అన్నాడు పానకాలు.

"అంటే... పాత ఇనుమే."

"నాన్న చెప్పినవన్నీ అబద్ధాలేనంటావా అన్నయ్యా?" అంది హైమావతి.

"నేను సైకిలు గురించే చెప్పానమ్మా" అన్నాడు భావనారాయణ. ఆ మాట తనకే బాగోలేదు.

బండివాడు ముందు చక్రం పట్టుకున్నాడు. హైమావతి సీటు వదల్లేదు. సైకిలు ఇద్దరి మధ్యా ఒక్క క్షణం గాల్లో ఆగింది.

"ఉండు" అన్నాడు మేస్త్రి, కూర్చున్నచోటి నుంచే. "భావనారాయణా, ఆ పెడళ్లు రెండూ ఊడదీసి బల్ల మీద పెట్టు."

కుడిది తేలిగ్గానే వచ్చింది. ఎడమది కదల్లేదు. స్పానరు మీద బరువంతా వేశాడు, కాలితో తన్నాడు, చెమటలు పట్టాయి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. మిగతా బోల్టులు ఊడే వైపుకి తిప్పితే అది ఇంకా బిగుస్తుంది. నోటుబుక్కు పదకొండో పేజీలో ఎర్రసిరాతో రెండు గీతలు గీసి రాసుకున్న సంగతే ఇది. నలుగురి ముందు ఆ పేజీ కాస్తా బుర్రలోంచి ఎగిరిపోయింది.

"పగలగొట్టాలా?" అన్నాడు బండివాడు ఆశగా.

భావనారాయణ నాలిక్కరుచుకుని రెండో వైపు తిప్పాడు. కిరసనాయిలు పోసి, ఆగి, మళ్లీ తిప్పాడు. కీచుమని అరిచి, పిడికెడు తుప్పు రాల్చి, అప్పుడు కదిలింది. ఆ తుప్పు చూస్తూనే అతనికి చెవులు వేడెక్కాయి. మొన్న వేసిన పెడలు ఇంతగా పట్టెయ్యదు. రెండింటి ఇరుసులూ తుడిచి పక్కపక్కన పెట్టాడు. ఒకటే ముద్ర. కింద ఒకటే సంవత్సరం. రెండూ ఒక్క పెట్టెలోంచి వచ్చినవే.

"జతే" అన్నాడు. గొంతులోంచి కోర్టు పోయింది. "ఏదీ మార్చలేదు."

"మరి ఒకటి అరగడమేంది, ఒకటి అరక్కపోవడమేంది?" అన్నాడు పానకాలు.

మేస్త్రి హైమావతి వైపు తిరిగాడు.

"అమ్మా, మీ నాన్నగారికి ఏ కాలు?"

"ఎడమదండీ. మూడో ఏటి నుంచీ."

భావనారాయణ సీటు కేసి చూశాడు. తోలు కుడివైపు లోతుగా దిగి ఉంది. అందాకా అది కూడా ఒక తప్పుగానే రాసుకున్నాడు. కుడి పెడలుకి కాలు బిగించుకునే తోలు పట్టీ ఉంది. తొక్కే కాలు ఒక్కటే అయితే పైకి కూడా దానితోనే లాగాలి, పట్టీ ఊరికే తెగుతుంది. అది తెగిన చోటల్లా కుట్టి ఉంది, ఒకచోట ఎర్ర నూలు, ఒకచోట పచ్చ నూలు, ఒకచోట చాయ వెలిసిన నీలం. హైమావతి దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో తడిమింది.

"ఇది అమ్మ కుట్టు బాబాయ్. ఉన్నన్నాళ్లూ మా పావడాలకి ఇట్లాగే కుట్టేది."

పానకాలు పట్టీ అందుకున్నాడు. కుట్లు లెక్కపెట్టబోయి మధ్యలో ఆగిపోయాడు.

"వదినకి తెలుసన్నమాట" అన్నాడు. పట్టీ మడిచి పట్టుకుని, "మేం నవ్వుతుంటే అన్నం వడ్డించి వెళ్లిపోయేది. ఒక్కనాడు కూడా నోరు విప్పలేదు" అన్నాడు. షాపు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

బండివాడు తాడు చుట్టుకున్నాడు. "నన్నేం చెయ్యమంటారు?"

"పో నాయనా, పో" అన్నాడు పానకాలు, తలెత్తకుండా.

బండి సందు దాటింది. భావనారాయణ ఆనాటి పేజీలో తను రాసినదాన్నంతా కొట్టేశాడు. పెన్ను పట్టుకుని, మేస్త్రి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"మరి విలువ దగ్గర ఏం రాయను మేస్త్రి గారూ?"

మేస్త్రి టీ గ్లాసు తీసుకున్నాడు. చల్లారిపోయింది. అయినా తాగాడు.

"ముందు ఎడమది బిగించు" అన్నాడు. "ఏ వైపుకో చూసుకుని తిప్పు."