ఒకటిన్నర చుట్టు

రోడ్డు మీద గుంత కనపడితే చాలు, నాకు గుండె దడ. బండి గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగు నా చేతుల్లోంచి ఎడమకి లాక్కుంటోంది. మూడు రోజులుగా ఇదే గోల.

అది ఈకాలం బండి కాదు. మా తాతల నాటి చిన్న లారీ. నంద్యాలలో విత్తనాల అంగడి చెన్నకేశవులన్నది. ఎక్కడో తుప్పు పట్టి పడుంటే కొనుక్కొచ్చి, తళతళా రంగు వేయించి, మా మెకానిక్ షెడ్డుకి తెచ్చి, "మద్దిలేటీ, దీన్ని నేలకి ఆనుకున్నట్టు కిందికి దించాల" అన్నాడు. దించినా. ముందు చక్రాల మీద బండిని మోసే కమాను కట్టలు మార్చి అరడుగు దించినా. చూసినోళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. నేనూ మీసం తిప్పినా.

ఆరోజు సాయంత్రం నాలుగింటికి ఆయన వస్తాడు. పెండ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని నల్లమల ఘాటు మీదుగా గిద్దలూరు పోతాడు. ఆ దారంతా మలుపులే.

రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్డు కొనలు మార్చినా. చక్రాలు తిరిగే కింగ్ పిన్నులు మార్చినా. అలైన్‌మెంటు రెండుసార్లు చేయించినా. ఊహూ. పాడు ఇనుము, ఎవడు తోలి చెడగొట్టినాడో అని ముందటి డ్రైవర్లనంతా తిట్టుకున్నా.

చివరికి పొద్దున ఒక పని చేసినా. చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గే. స్టీరింగు బాక్సు మీద వదులు తగ్గించే స్క్రూ ఒకటుంటుంది. దాన్ని ఒకటిన్నర చుట్టు బిగించేసినా. స్టీరింగు మొండికేసినట్టు బిగుసుకుపోయింది. కానీ గుంతలో పడినా కదల్లేదు! హమ్మయ్య అనుకుని చెన్నకేశవులన్నకి ఫోను కొట్టి, "బ్రహ్మాండంగా ఉందన్నా, వచ్చి తీస్కపో" అని చెప్పేసినా.

మా ఉస్తాద్ పేరు హుసేన్ పీరా. డెబ్బై దాటినాయి. పదకొండేండ్లుగా ఆయన షెడ్డులోనే నా బతుకు. మూడింటప్పుడు ఉడకబెట్టిన శనక్కాయలు వలుచుకుంటా వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగినాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది ఉస్తాద్."

ఎక్కి నా పక్కన కూచున్నాడు. "పద," అన్నాడు.

కాలువ గట్టు రోడ్డు పట్టినా. ఒక గుంత పోయింది, రెండు పోయినాయి. ఆయన శనక్కాయలు తింటానే ఉన్నాడు. నా చొక్కా మాత్రం వీపుకి అతుక్కుపోయింది. మలుపు వచ్చింది. తిప్పినా.

"ఇప్పుడు వదులు."

"ఏంది ఉస్తాద్?"

"చేతులు. వదులు."

వదిలినా. ఏ బండైనా మలుపు తిరిగినాక వదిలితే స్టీరింగు దానంతట అదే వెనక్కి వస్తుంది. ఇది రాలేదు. తిరిగింది తిరిగినట్టే ఉండి, బండి నేరుగా కాలువ వైపు పోతా ఉంది. వామ్మో! రెండు చేతులా పట్టి లాగి, బ్రేకు మీద నిలబడినా. ముందు చక్రానికీ గట్టు అంచుకీ మధ్య జానెడు కూడా లేదు.

బండిని వెనక్కి తీసి గట్టు మధ్యకి తెచ్చినా.

"పిల్లోళ్లు ఎంతెంత ఉంటారు, ఆయనకి?" అన్నాడు ఉస్తాద్.

"పెద్దది ఎనిమిది. చిన్నోడు ఐదు."

ఆయన శనక్కాయల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. చిన్నగా, చిన్నగా తోలుకుని షెడ్డుకి వచ్చినాం.

ఆయన బానెట్టు ఎత్తి, స్క్రూడ్రైవరు అడిగి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పినాడు. సరిగ్గా ఒకటిన్నరే! నేనెంత బిగించినానో నేను చెప్పనే లేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎక్కి కూచో. స్టీరింగు ఊరికే పట్టుకో, బలం పెట్టాకు."

కూచున్నా. ఆయన లుంగీ ఎగ్గట్టి ముందు బంపరు ఎక్కినాడు. "ఉస్తాద్, పడతారు!" అని అరుస్తానే ఉన్నా, దాని మీదే ఎగిరి దూకినాడు. బండి ముందు భాగం కిందికి పోయి పైకి లేచింది. నా చేతుల్లో స్టీరింగు దానంతట అది ఎడమకి తిరిగి, మళ్లీ వచ్చింది. ఇంకోసారి దూకినాడు. మళ్లీ అంతే.

"తిప్పింది నువ్వా?"

"కాదు ఉస్తాద్."

ఆయన ఆయాసపడతా దిగి, బండి కిందికి చెయ్యి చూపించినాడు. దూరి వెల్లకిలా పడుకున్నా. స్టీరింగు నుంచి చక్రానికి పోయే రాడ్డు ఏ లారీలో చూసినా దాదాపు మట్టంగా ఉంటుంది. ఇక్కడ నిచ్చెన వేసినట్టు ఏటవాలుగా ఎక్కింది. బండిని అరడుగు దించినోడు ఆ రాడ్డుని తాకనే లేదు. చక్రం ఎగిరినప్పుడల్లా అది స్టీరింగుని తోస్తా ఉంది.

ఆ దించినోడిని నేనే. పిన్నులు విప్పి చూసినా, బాక్సు బిగించి చూసినా, చచ్చిపోయిన డ్రైవర్లని కూడా తిట్టినా. నేను చేసిన పని వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కడే పడుకుని ఉండగానే ఆటో ఆగిన చప్పుడయింది. పిల్లలు ఎగురుకుంటా వచ్చి బండి మీద పడినారు. ఉస్తాద్ చేతులు కడుక్కోను వెనక్కి పోయినాడు. కావాలనే పోయినాడు, నాకు తెలుసు.

బయటికి వచ్చినా. చెన్నకేశవులన్న ఎదురుగా పోయి నిలబడినా.

"అన్నా, బండి ఈపొద్దు ఇయ్యలేను. దించేటప్పుడు నేనే తప్పు చేసినా. పొద్దున నీకు అబద్ధం చెప్పినా."

ఆయన ముఖం ఎర్రబడింది. పాప చక్రం పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. "తమాషాగా ఉందా రా నీకు? ఇంటిల్లిపాదినీ తయారుచేసి తోలకొస్తినే!" అని కేకలేసినాడు. ఉస్తాద్ తువాలుతో చేతులు తుడుచుకుంటా వచ్చేసరికి అన్న ఆయన మీదికి తిరిగినాడు.

"ఏంది ఉస్తాద్ ఇది? పొద్దున బ్రహ్మాండం అన్నోడు, ఇప్పుడు ఇయ్యనంటాడు! అసలు వీనికి పని వచ్చా, రాదా?"

ఉస్తాద్ నా వైపు చూసినాడు.

"పొద్దున రాదప్పా," అన్నాడు. "ఇప్పుడే వచ్చింది."